విమానంలో ఊపిరి ఎలా ఆడుతుంది?



దసరా సెలవుల్లో సోళ్ళ చేను దగ్గర ఉండగా పైన విమానం పోయింది. మా అమ్మ తలెత్తి చూసి "అంత ఎత్తున గాలుంటాదా? లోపలోళ్ళు ఊపిరెలా తీస్తారే?" అని అడిగింది. అమ్మ బడికెళ్ళలేదు. నేను తొమ్మిదో తరగతి, నాకూ తెలీలేదు. సిగ్గేసింది. ఇక్కడికొచ్చి సైన్స్ మేడం గారిని అడిగి, పుస్తకాలు చూసి రాస్తున్నాను.

పెద్ద విమానాలు సుమారు 35 వేల అడుగుల ఎత్తున పోతాయి. అక్కడ గాలి ఒత్తిడి సముద్రం ఒడ్డున ఉన్నదాంట్లో నాలుగో వంతే. ఆ గాలి పీలిస్తే నిమిషం లోపే స్పృహ తప్పుతుంది. కిందనే గాలి నింపేసి, బంతికి బిగించినట్టు తలుపు బిగిస్తారని నేను అనుకున్నాను. అది తప్పు. అలాగైతే మనం వదిలిన గాలే మళ్ళీ మళ్ళీ పీల్చాలి.

ఇంజన్ బయటి పల్చటి గాలిని లాగి గట్టిగా నొక్కుతుంది. నొక్కితే గాలి వేడెక్కుతుంది (సైకిల్‌కి గాలి కొట్టాక పంపు అడుగున ముట్టుకుని చూడండి). అందులో కొంత పక్కకి తీసి, చల్లార్చి లోపలికి పంపుతారు. బోయింగ్ 787లో మాత్రం దీనికి కరెంటుతో తిరిగే కంప్రెసర్లు వేరే ఉన్నాయి.

మరి గాలి వస్తూనే ఉంటే విమానం పగిలిపోదా? వెనక భాగంలో ఒక చిన్న తలుపు లాంటిది ఉంటుంది. ఔట్‌ఫ్లో వాల్వు అంటారు. అందులోంచి గాలి పోతూనే ఉంటుంది. మనం బట్టలుతికే తొట్టి తలచుకోండి. పైన కుళాయి వదిలి ఉంది, కింద బెజ్జానికి గుడ్డ సగం కుక్కి ఉంది. వచ్చేవీ పోయేవీ సమానమైతే నీళ్ళు ఒకే మట్టాన నిలబడతాయి. గుడ్డ ఇంకొంచెం కుక్కితే పెరుగుతాయి. అయితే బెజ్జం దగ్గర ఒకరు కూర్చుని చూసుకోవాలి కదా! విమానంలో ఆ పని కంప్యూటర్‌ది. ఎంత ఎత్తుకి పోతామో, దిగే ఊరు ఎంత ఎత్తున ఉందో పైలట్లు ముందే చెప్పి ఉంచుతారు. దాన్ని బట్టి అది వాల్వును కొంచెం మూస్తూ, కొంచెం తెరుస్తూ ఉంటుంది. అదీ మెల్లగానే. లేకపోతే ఘాట్ రోడ్డు బస్సులో మన చెవులు మూసుకుపోయినట్టు అందరికీ అవుతుంది. ఒక కంప్యూటర్ చెడితే రెండోది అందుకుంటుంది. రెండూ చెడితే పైలట్ మీటను మాన్యువల్‌లో పెట్టి, వాల్వును తనే నడపాలి.

లోపల నేల మీద ఉన్నంత ఒత్తిడి ఉంచరు. అంత ఉంచితే విమానం గోడలు మోయలేవు. 8 వేల అడుగుల కొండ మీద ఎంత ఉంటుందో అంతకు తగ్గనివ్వరు. మన పాడేరు సుమారు 3 వేల అడుగులే.

ఆ మీట తప్పుగా ఉండిపోతే ఏమవుతుందో చదివాక నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. 2005 ఆగస్టు 14న హీలియోస్ కంపెనీ బోయింగ్ 737 ఒకటి సైప్రస్‌లోని లార్నకా నుండి ఏథెన్స్‌కి బయలుదేరింది. అంతకుముందు పరీక్ష చేసినవాళ్ళు మీటను మాన్యువల్‌లో వదిలేశారు. పైలట్లూ చూసుకోలేదు. వాల్వు కొంచెం తెరిచే ఉండిపోయింది. పైకి పోతుంటే హారన్ మోగింది. నేల మీద వేరే తప్పుకి కూడా అదే హారన్ మోగుతుంది. పైలట్లు ఆ తప్పే అనుకున్నారు. ఇంతలో గాలి చాలక ఇద్దరికీ స్పృహ పోయింది. వెనక ప్రయాణికులకి ఆక్సిజన్ ముసుగులు పడ్డాయి గానీ అవి కొద్ది నిమిషాలకే వస్తాయి. విమానం తనంతట తనే ఏథెన్స్ దాకా పోయి, తిరిగి తిరిగి, నూనె అయిపోయి కొండ మీద పడింది. 121 మందీ చనిపోయారు.

సంక్రాంతికి వెళ్ళినప్పుడు అమ్మకి కుండకి బెజ్జం పెట్టి చూపిస్తాను. "హారన్ ఎందుకు మోగిందో అడగలేదేటే వాళ్ళు?" అని అమ్మ తప్పకుండా అంటుంది. అడిగారు, రేడియోలో కిందివాళ్ళతో మాట్లాడుతూనే ఉన్నారు. మీట ఎక్కడుందో చూడమని కింద నుండి అడిగారు కూడా. అప్పటికే వాళ్ళకి తెలివి మసకబారిపోయింది.