కంఠతా వాక్యము

గత వర్షకాలమందు ఒక రాత్రి మమ్మును ఒక రోగియొద్దకు పిలిచిరి. ఊరంతటికిని కరెంటు లేదు. బైబిలు ఫోనులో ఉన్నది గదా అని పుస్తకము తీసికొనిపోలేదు. అక్కడికి చేరునప్పటికి ఫోనులో చార్జింగు అయిపోయెను. 8 వచనములుగల 121వ కీర్తన చూడకుండ చెప్పబూనితిమి. మూడవ వచనమువద్ద ఆగిపోతిమి. అక్షరము రాని ఆ యింటి అవ్వ మిగిలినది తుదివరకు చెప్పెను. ఆమెతోకూడ రోగియు పెదవులు కదిపెను. మేము సిగ్గుపడితిమి.

చిన్ననాడు సండేస్కూలులో ఆ కీర్తన మాకు కంఠతా వచ్చును. ఫోను దానిని దొంగిలించలేదు. వెదకిన వెంటనే దొరకునను ధీమాతో మేమే వల్లించుట మానితిమి. వాడని కొడవలి తుప్పుపట్టును గదా!

119వ కీర్తన చూడుడి. 22 భాగములు, భాగమునకు 8 వచనములు, మొత్తము 176. హెబ్రీ భాషలో ఒక్కొక్క భాగమందలి వచనములన్నియు ఒకే అక్షరముతో ఆరంభమగును. మన బైబిలులో ఆలెఫ్, బేత్ అని కనబడునవి ఆ అక్షరముల పేర్లే. ఇట్టి వరుస జ్ఞాపకమునకు ఆసరా. వాక్యముండవలసిన చోటు హృదయమని 11వ వచనము నేర్పుచున్నది.

కావున ఫోను పారవేయనక్కరలేదు. దీపములు పెట్టు వేళ దానిని ప్రక్కనబెట్టి, దినమునకు ఒక వచనము చొప్పున 8 దినములలో 121వ కీర్తన ఇంటిల్లిపాది నేర్చుకొందము. తప్పినచోట అవ్వలను అడుగుదము. మేమును అట్లే మొదలుపెట్టితిమి.