భార లోహాలు – లేత మొక్కల పోషణ

బెంగళూరు నగరపు మురుగును, పీణ్య పారిశ్రామిక వాడ వ్యర్థజలాలను మోసుకొనిపోయే వృషభావతి నది దిగువన పొలాలకు ఆ నీరే ఆధారం. ఇట్టి నీటిలోని కాడ్మియం, సీసం వంటి భార లోహాలు మట్టిలో పేరుకొని తొలుత లేత మొక్కలను దెబ్బతీస్తాయి.

ఇనుము, జింకు, కాల్షియం వేరులోనికి ప్రవేశించే ద్వారాల గుండానే కాడ్మియం కూడ చొరబడుతుంది. ఆ మేరకు పోషకాల రాక తగ్గుతుంది. సీసం మట్టిలోని ఫాస్ఫేటుతో కలిసి కరగని లవణమగుటచే భాస్వరం సరిగా అందదు. వేళ్లు కురచబారి, ఈనెల నడుమ లేత ఆకులు పసుపుబారుతాయి.

ఆమ్లగుణం గల మట్టిలో కాడ్మియం సులభంగా కరుగుతుంది. కనుక బాగా మాగిన కంపోస్టు, తగుమాత్రం సున్నం కలిపితే అది చాలవరకు మట్టిలోనే నిలిచిపోతుంది. మేడమీది కుండీలకు మురుగునీరు గాని, పాత రంగు పెచ్చులు రాలిన మన్ను గాని వాడరాదు. పాలకూర, తోటకూర ఈ లోహాన్ని ఆకుల్లోనే నిలువచేసుకొంటాయి. కడిగినంత మాత్రాన అది పోదు.