సోర్స్ నుంచి సర్వర్ బిల్డ్ చేస్తుంటే ఎర్రర్ వచ్చిందా? చివరి లైన్ కాదు, మొదటి ఎర్రర్ చూడండి

పాత ల్యాప్‌టాప్‌నో, రాస్ప్‌బెర్రీ పై బోర్డునో ఇంట్లో చిన్న సర్వర్‌గా మార్చుదామనుకున్నారు. ఇంజిన్‌ఎక్స్ సోర్స్ కోడ్ డౌన్‌లోడ్ చేసి, టెర్మినల్ ఓపెన్ చేసి కమాండ్ కొట్టారు. కాసేపటికి స్క్రీన్ నిండా ఎర్రర్లు! కంగారు పడకండి. ఎర్రర్ ఏ దశలో వచ్చిందో తెలిస్తే సగం పని అయిపోయినట్టే. ఉబుంటులో ఇంజిన్‌ఎక్స్‌నే ఉదాహరణగా తీసుకుని చూద్దాం.

1. కాన్ఫిగర్ దగ్గరే ఆగిపోతే

కాన్ఫిగర్ అనేది మీ సిస్టమ్‌లో కావాల్సినవన్నీ ఉన్నాయో లేదో చెక్ చేసే స్క్రిప్ట్. సీ కంపైలర్ దొరకలేదు అంటే బిల్డ్-ఎసెన్షియల్ ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేయండి.

చాలామందికి వచ్చే రెండో ఎర్రర్ ఇది: రీరైట్ మాడ్యూల్‌కు పీసీఆర్ఈ లైబ్రరీ కావాలి. 'ఆ లైబ్రరీ ఆల్రెడీ ఉంది కదా' అని మీకు డౌట్ రావచ్చు. ప్రోగ్రామ్ రన్ అవ్వడానికి లైబ్రరీ చాలు. కానీ కంపైల్ చేయాలంటే హెడర్ ఫైల్స్ కూడా ఉండాలి. అవి పేరు చివర 'డెవ్' అని ఉండే ప్యాకేజీల్లో వస్తాయి. ఫెడోరాలో అయితే 'డెవెల్' అని ఉంటుంది. పీసీఆర్ఈ2, జెడ్‌లిబ్, ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ మూడింటి డెవ్ ప్యాకేజీలూ ఒకేసారి వేసేసుకోండి.

ఇక్కడే అసలు జాగ్రత్త. కావాలంటే రీరైట్ మాడ్యూల్‌ను ఆపేసుకోవచ్చని ఆ ఎర్రర్ మెసేజే ఒక ఆప్షన్ చూపిస్తుంది. అది పెడితే బిల్డ్ సాఫీగా అయిపోతుంది. కానీ రీరైట్, రిటర్న్, ఇఫ్, సెట్ లాంటివేవీ పనిచేయవు. తర్వాత హెచ్‌టీటీపీ నుంచి హెచ్‌టీటీపీఎస్‌కు రీడైరెక్ట్ రాస్తే 'అన్‌నోన్ డైరెక్టివ్' అని సర్వర్ స్టార్టే కాదు. అలాగే ఎస్‌ఎస్‌ఎల్ మాడ్యూల్ సోర్స్ బిల్డ్‌లో డిఫాల్ట్‌గా రాదు, కాన్ఫిగర్‌లో మీరే ఆన్ చేయాలి.

2. మేక్ మధ్యలో ఆగిపోతే

చివర్లో కనిపించే 'మేక్ ఎర్రర్ 1' లైన్‌ను గూగుల్‌లో వెతక్కండి. పని ఆగిపోయిందని తప్ప అది ఏమీ చెప్పదు. పైకి స్క్రోల్ చేసి, 'ఎర్రర్' అనే మాట మొదట ఎక్కడ వచ్చిందో చూడండి. నాలుగు కోర్‌లతో ఒకేసారి బిల్డ్ చేస్తుంటే మెసేజ్‌లు కలిసిపోతాయి. అప్పుడు ఒక్క జాబ్‌తో మళ్లీ మేక్ కొట్టండి, అసలు ఎర్రర్ క్లియర్‌గా బయటపడుతుంది.

• 'నో సచ్ ఫైల్' అంటూ చివర డాట్ హెచ్ ఉన్న పేరు కనిపిస్తే: హెడర్ లేదు, డెవ్ ప్యాకేజీ కావాలి.
• 'అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్': కంపైల్ అయింది, లింకింగ్‌లో లైబ్రరీ దొరకలేదు లేదా వెర్షన్ కుదరలేదు.
• వార్నింగ్‌లనే ఎర్రర్లుగా తీసుకుంటున్నాం అంటే: సాధారణంగా పాత సోర్స్, కొత్త కంపైలర్. ఆ చెక్ తీసేయడం కంటే కొత్త వెర్షన్ సోర్స్ తెచ్చుకోవడం మేలు.
• 'కిల్డ్' అని వస్తే: చాలాసార్లు ర్యామ్ చాలలేదని అర్థం. నోడ్ జేఎస్ లాంటి పెద్ద ప్రాజెక్టుల్లో ఇది మామూలే. జాబ్స్ తగ్గించండి, స్వాప్ పెంచండి.

3. అన్నీ సరిచేసినా మళ్లీ ఎర్రరా?

రెడిస్‌లో ఇది బాగా కనిపిస్తుంది. కంపైలర్ లేకుండా ఒకసారి మేక్ కొడితే ఫెయిల్ అవుతుంది. కంపైలర్ వేసి మళ్లీ కొడితే ఈసారి జెమాలాక్ హెడర్ లేదంటుంది. నిజానికి కొత్తగా పోయిందేమీ లేదు, మొదటి ప్రయత్నం తాలూకు మిగులే అడ్డం పడుతోంది. మేక్ డిస్ట్‌క్లీన్ కొట్టి మొదటి నుంచి మొదలుపెట్టండి. అంతే!

బిల్డ్ అయ్యాక ఇంజిన్‌ఎక్స్‌కు పెద్ద వీ ఆప్షన్ ఇస్తే ఏ ఆప్షన్లతో కంపైల్ అయిందో చూపిస్తుంది. అది ఒక ఫైల్‌లో దాచుకోండి. ఎందుకంటే సోర్స్ నుంచి వేసిన సాఫ్ట్‌వేర్‌ను ఉబుంటు అప్‌డేట్ చేయదు. సెక్యూరిటీ ప్యాచ్ వచ్చిన ప్రతిసారీ మళ్లీ బిల్డ్ చేయాల్సింది మీరే. ప్రత్యేకమైన మాడ్యూల్ ఏదీ అక్కర్లేకపోతే రెడీమేడ్ ప్యాకేజీతోనే సరిపెట్టుకోండి. నేర్చుకోవడానికైతే మాత్రం ఒక్కసారైనా సోర్స్ నుంచి ట్రై చేయండి!