కంటిలో నాటిన నారు

ఆకు, వక్క, సున్నం. మనలో చాలామంది ఇళ్లలో ఈ మూడూ ఉంటాయి. ఇప్పుడు సున్నం చిన్న చిన్న ప్యాకెట్లలో కూడా దొరుకుతోంది. ఆ ప్యాకెట్ పిల్లల చేతికి ఆటవస్తువు అవుతుంది. పిల్లవాడు దాన్ని గట్టిగా నొక్కుతాడు. ప్యాకెట్ టప్పున పగులుతుంది. సున్నం ఎగిరి కంట్లో పడుతుంది.

"సున్నమే కదా, ఏమవుతుంది?" అనుకోవద్దు. తాంబూలంలో సున్నం ఎక్కువైతే నోరు పొక్కుతుంది. నోటినే కాల్చే సున్నం కంటిని వదులుతుందా?

అక్కలూ, చెల్లెళ్లూ! ఈ పాఠంలో మూడు సంగతులు తెలుసుకుందాం. సున్నం కంటిని ఎలా పాడు చేస్తుంది? పాడైన కంటికి ఏ వైద్యం కనిపెట్టారు? సున్నం పడిన వెంటనే మనం ఏం చెయ్యాలి?

కన్ను ఎలా పాడవుతుంది?

అద్దంలో మీ కన్ను చూసుకోండి. మధ్యలో నల్లగుడ్డు. చుట్టూ తెల్లగుడ్డు. నల్లగుడ్డు మీద గాజులా తేటగా ఒక పొర ఉంటుంది. దాన్ని కార్నియా అంటారు. వెలుతురు దీని గుండానే లోపలికి పోతుంది. ఇది తేటగా ఉంటేనే మనకు బాగా కనిపిస్తుంది.

ఇటుకలతో ఇల్లు కట్టినట్టు, మన ఒళ్లు కణాలతో కట్టి ఉంటుంది. ఇవి ఉత్త కంటికి కనిపించనంత చిన్నవి. కార్నియా పైన ఉన్న కణాలు రోజూ అరిగి రాలిపోతాయి. వాటి చోట కొత్తవి రావాలి. ఎక్కడి నుంచి వస్తాయి? నల్లగుడ్డు, తెల్లగుడ్డు కలిసే అంచు నుంచి వస్తాయి. ఆ అంచున మూలకణాలు ఉంటాయి. పొలానికి నారుమడి ఎలాగో, కార్నియాకు ఆ అంచు అలాగ.

సున్నం ఆ నారుమడిని కాల్చేస్తుంది. ఇక కొత్త కణాలు రావు. అప్పుడు తెల్లగుడ్డు మీది పొర నల్లగుడ్డు మీదికి పాకుతుంది. పైరు లేని పొలంలో కలుపు పెరిగినట్టు పెరుగుతుంది. కన్ను మసకబారుతుంది. చూపు పోతుంది.

"చనిపోయినవారు దానం చేసిన కార్నియా అతికించవచ్చు కదా?" అని మీరు అడగవచ్చు. చాలా కంటిజబ్బులకు అది మంచి వైద్యమే. కానీ నారుమడి కాలిన కంటికి అదొక్కటే చాలదు. అతికించిన కార్నియా మీదికి కూడా ఆ పొర పాకుతుంది. ముందు నారుమడిని బాగుచెయ్యాలి.

అందరూ కలిసి చేసిన పని

1997లో ఇటలీ శాస్త్రజ్ఞులు ఒక దారి చూపారు. రోగికి రెండో కన్ను బాగుంది. దాని అంచు నుంచి చిన్న ముక్క తీశారు. అందులోని కణాలను ప్రయోగశాలలో పెంచారు. తరువాత కాలిన కంటి మీద అతికించారు.

హైదరాబాదులో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది. ఇది 1987లో మొదలైంది. ఇక్కడి డాక్టర్లు కూడా 2001 నుంచి అలాంటి వైద్యం చేశారు. అయితే దానికి ప్రత్యేకమైన ప్రయోగశాల కావాలి. ఖర్చు ఎక్కువ. పేదలు ఎలా భరిస్తారు?

"కణాలను బయట పెంచడం ఎందుకు? కంటి మీదనే పెంచితే పోదా?" అనే ఆలోచన వచ్చింది. ఆ పనిలో నలుగురు కలిశారు. వీరేందర్ సంగ్వాన్, సయన్ బసు కంటి డాక్టర్లు. డి. బాలసుబ్రమణియన్ శాస్త్రజ్ఞుడు. ఆయన ఒకప్పుడు హైదరాబాదు విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పారు. నాలుగో మనిషి ఒక మహిళ. ఆమె పేరు షీలా మెక్‌నీల్. అప్పట్లో ఇంగ్లండులోని షెఫీల్డ్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరుగా ఉండేవారు. కాలిన ఒంటికి చర్మం పెంచే పద్ధతుల మీద ఆమె పనిచేశారు. వీరు 2012లో కొత్త వైద్యాన్ని లోకానికి తెలిపారు. దాని పేరు 'స్లెట్'.

ఆ వైద్యం ఎలా చేస్తారు? ముందు కాలిన కంటి మీది పొరను తీసేస్తారు. కలుపు తీసినట్టన్నమాట. దాని మీద పలచని పొర ఒకటి పరుస్తారు. అది ఏ పొరో తెలుసా? తల్లి కడుపులో బిడ్డను చుట్టి ఉండే ఉమ్మనీటి సంచి పొర! కాన్పు అయ్యాక మాయతో పాటు అది బయటికి వస్తుంది. తల్లి ఒప్పుకుంటే తీసుకుంటారు. ఆమె రక్తం పరీక్ష చేస్తారు. పొరను శుభ్రం చేసి దాస్తారు. మనం పారేసేది ఇంకొకరి కంటికి మడి అవుతుంది.

తరువాత మంచి కంటి అంచు నుంచి బియ్యపు నూకంత ముక్క తీస్తారు. దాన్ని ఎనిమిది, పది చిన్న ముక్కలు చేస్తారు. నారు నాటినట్టు ఎడం ఎడంగా పెడతారు. జిగురు మందుతో అంటిస్తారు. సుమారు రెండు వారాల్లో కణాలు పెరిగి అల్లుకుంటాయి.

మొదట ఆరుగురికి ఈ వైద్యం చేసిన సంగతి రాశారు. 2016లో 125 మంది ఫలితాలు ప్రకటించారు. వారిలో 60 మంది పిల్లలే. 125 మందిలో 95 మందికి వైద్యం నిలిచింది. 30 మందికి నిలవలేదు.

ఆ 30 మందిని మరిచిపోకూడదు. వైద్యం వచ్చింది కదా అని అజాగ్రత్త వద్దు. రెండు కళ్లూ కాలితే ఇంకా కష్టం. సొంత ముక్క దొరకదు. బంధువుల నుంచి తీసుకోవాలి. చాలాకాలం మందులు వాడాలి.

మన చేతిలో ఉన్న వైద్యం

మొదటి వైద్యం ఆసుపత్రిలో కాదు, మన ఇంట్లోనే జరగాలి. సున్నం కంట్లో ఉన్నంతసేపూ కాలుస్తూనే ఉంటుంది.

కంటిని నలపనివ్వకండి. వెంటనే కంటిని మంచినీళ్లతో కడగండి. పాడైన కన్ను కిందికి ఉండేలా బిడ్డ తల పక్కకు వంచండి. అప్పుడు సున్నం నీళ్లు రెండో కంట్లోకి పోవు. రెప్పలు తెరిచి పట్టుకోండి. ధారగా నీళ్లు పోయండి. అరగంట సేపు ఆపకండి. బిడ్డ ఏడుస్తాడు. అయినా ఆపకండి. తరువాత కంటి ఆసుపత్రికి తీసుకుపోండి. రెప్పల కింద సున్నం దాగి ఉంటుంది. దాన్ని డాక్టరే తీయాలి.

"సున్నం మీద నీళ్లు పోస్తే ఉడుకుతుంది కదా?" అని కొందరి భయం. ప్యాకెట్లోది ముందే నీళ్లతో తడిపిన సున్నం. అది మళ్లీ ఉడకదు. పొడి సున్నం పడితే, ముందు ముఖం మీది పొడిని పొడిగుడ్డతో దులపండి. వెంటనే ధారగా నీళ్లు పోయండి.

చనుబాలు, ఆకు పసరు, ఆముదం, నిమ్మరసం ఏదీ కంట్లో వెయ్యకండి. సున్నాన్ని కడిగేది నీళ్లే.

సున్నం డబ్బాను, ప్యాకెట్‌ను పిల్లలకు అందని ఎత్తులో పెట్టండి. ఖాళీ ప్యాకెట్‌లోనూ కొంత సున్నం మిగులుతుంది. దాన్ని వాకిట్లో పారెయ్యకండి.

ఆలోచించండి, చెప్పండి

1. మీ ఇంట్లో సున్నం ఎక్కడ పెడుతున్నారు?
2. కార్నియాకు నారుమడి ఏది?
3. సున్నం పడిన కంటిని ఎంతసేపు కడగాలి?

చదవడం రాని ఇరుగుపొరుగు వారికి ఈ పాఠం చదివి వినిపించండి.