చెవిలో నాడి యంత్రం – కొనే ముందు తెలిసికొనవలసిన సంగతులు



ఒక ఉదయం మా బీపీ క్లినిక్‌కు 62 ఏళ్ల రిటైర్డ్ ఉపాధ్యాయుడు ఒకరు వచ్చారు. మూడేళ్ల క్రితం ఆయన గుండె రక్తనాళంలో స్టెంట్ వేశారు. అప్పటి నుండి రోజూ కాలేజీ మైదానంలో నడుస్తున్నారు. ఆయన జేబులో నుండి చిన్న డబ్బా తీసి బల్ల మీద పెట్టారు. అందులో ఉన్నవి విదేశంలో ఉన్న కుమారుడు పంపిన వైర్‌లెస్ ఇయర్‌ఫోన్లు. పాటలు వినిపించడమే కాక, గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటుందో కూడా ఫోనులో చూపిస్తాయి.

"సిస్టరమ్మా, ఇది పాడైందేమో చూడండి. ఎంత గట్టిగా నడిచినా 104 దాటడం లేదు. నా వయస్సుకు 130 దాకా పోవాలని ఫోనులో ఉంది" అన్నారు.

ఆయనను వరండాలో నాలుగుసార్లు అటూ ఇటూ నడిపించి, వెంటనే మణికట్టు దగ్గర నాడి పట్టి చూశాము. నాడి 96 ఉంది, ఫోనులో 97 ఉంది. యంత్రం బాగానే ఉంది. మరి అంకె ఎందుకు పెరగడం లేదు? మందుల చీటీ చూస్తే సంగతి తెలిసింది. ఆయన రోజూ ఎటెనొలాల్ మాత్ర వేసుకుంటున్నారు. గుండె వేగాన్ని అదుపులో ఉంచడమే ఆ మాత్ర చేసే పని.

ఆ మాట చెప్పగానే ఆయన, "అవునమ్మా, వాకింగ్‌లో మా మిత్రుడు కూడా అదే అన్నాడు. నాలుగు రోజులు మాత్ర మానేసి చూద్దామనుకుంటున్నాను" అన్నారు. ఆ మాట విని మాకు భయం వేసింది. ఎందుకు భయం వేసిందో ఈ పాఠం చివరకు మీకే అర్థమవుతుంది.

ఇటువంటి ఇయర్‌ఫోన్లు ఇప్పుడు మన ఊళ్లకు కూడా వస్తున్నాయి. వీటిని ఎలా ఎంచుకోవాలి, ఇవి చూపించే అంకెను ఎంతవరకు నమ్మాలి అనే సంగతులు తెలిసికొందాము.

ఇది ఎలా పనిచేస్తుంది?

గుండె కొట్టుకున్న ప్రతిసారీ చర్మం క్రింద ఉన్న సన్నని నాళాలలోకి రక్తం పొంగి వస్తుంది, తరువాత తగ్గుతుంది. ఇయర్‌ఫోన్‌లో చెవికి ఆనే చోట చిన్న లైటు, దాని ప్రక్కనే వెలుగును పసిగట్టే సెన్సార్ ఉంటాయి. లైటు చర్మంలోకి వెలుగును పంపుతుంది. రక్తం ఎక్కువగా ఉన్నప్పుడు ఎక్కువ వెలుగును పీల్చుకుంటుంది, కాబట్టి తక్కువ వెలుగు తిరిగి వస్తుంది. ఈ హెచ్చుతగ్గులను లెక్కించి యంత్రం నాడి వేగాన్ని చెబుతుంది. ఆసుపత్రిలో వేలికి తగిలించే ఆక్సీమీటర్ కూడా ఇదే సూత్రం మీద పనిచేస్తుంది.

ఈ ఆలోచన కొత్తది కాదు. జాబ్రా సంస్థ 2014లో, బోస్ సంస్థ 2016లో ఇటువంటి ఇయర్‌ఫోన్లను విడుదల చేశాయి. 2024లో సెన్‌హైజర్ మొమెంటమ్ స్పోర్ట్, 2025లో ఆపిల్ వారి పవర్‌బీట్స్ ప్రో 2, ఎయిర్‌పాడ్స్ ప్రో 3 వచ్చాయి. ఎయిర్‌పాడ్స్ ప్రో 3 కంటికి కనిపించని పరారుణ కాంతిని సెకనుకు 256 సార్లు పంపుతుందని తయారీదారులు చెబుతున్నారు.

ఒక్క సంగతి మరువకండి. ఇది ఈసీజీ కాదు. ఈసీజీ గుండెలోని విద్యుత్తును చూస్తుంది, ఇది రక్తపు పొంగును మాత్రమే చూస్తుంది. గుండెపోటు వచ్చిందో లేదో ఇది చెప్పలేదు. గుండెపోటు సమయంలో నాడి 80 ఉండవచ్చు, అంటే అంకె మామూలుగానే కనిపించవచ్చు.

మణికట్టా, చెవా, ఛాతీయా?

మణికట్టుకు పెట్టుకునే వాచీ కూడా వెలుగుతోనే నాడిని లెక్కిస్తుంది. అయితే నడిచేటప్పుడు, పరుగెత్తేటప్పుడు చేయి ఊగుతుంది, వాచీ జారుతుంది. ఒక్కొక్కసారి యంత్రం అడుగుల లయనే నాడి అనుకుంటుంది. నిమిషానికి 160 అడుగులు వేసే మనిషికి గుండె 125 మాత్రమే కొట్టుకుంటున్నా 160 అని చూపవచ్చు. చేతితో పోల్చితే తల తక్కువగా ఊగుతుంది గనుక చెవిలో ఈ చిక్కు కొంత తక్కువ. కాని ఇయర్‌ఫోన్ వదులుగా ఉంటే అక్కడా అదే తప్పు జరుగుతుంది. నమలడం, గట్టిగా మాట్లాడడం వలన కూడా అంకె తప్పవచ్చు.

వ్యాయామంలో ఎక్కువ నమ్మదగినది ఛాతీకి కట్టుకునే పట్టీ. అది ఈసీజీ వలె గుండె విద్యుత్తును పసిగడుతుంది. ఫిన్లాండ్ దేశపు పోలార్ సంస్థ 1982లోనే ఇటువంటి తీగ లేని యంత్రాన్ని అమ్మకానికి తెచ్చింది. పాటలు అవసరం లేదు, నాడి మాత్రమే ఖచ్చితంగా తెలియాలి అనుకునేవారికి పట్టీయే మేలు. పాటలు వింటూ నాడి సుమారుగా తెలిస్తే చాలు అనుకునేవారికి ఇయర్‌ఫోన్లు సరిపోతాయి.

కొనే ముందు చూడవలసినవి

1. నాడి సెన్సార్ ఉన్నదా? "స్పోర్ట్స్", "ఫిట్‌నెస్" అని డబ్బా మీద ఉన్నంత మాత్రాన సెన్సార్ ఉన్నట్లు కాదు. చాలా వాటిలో ఉండదు. గుండె వేగం చూపిస్తుందని స్పష్టంగా వ్రాసి ఉండాలి.

2. మీ ఫోనుతో పనిచేస్తుందా? ఎయిర్‌పాడ్స్ ప్రో 3లో నాడి చూడాలంటే ఐఫోన్ ఉండాలి. వేరే ఫోనుకు కలిపితే పాటలు వినిపిస్తాయి గాని నాడి కనిపించదు. దుకాణంలోనే మీ ఫోనుకు కలిపి చూపించమని అడగండి.

3. మీ చెవికి సరిపోతుందా? ఇది అన్నిటికంటే ముఖ్యం. వేర్వేరు సైజుల రబ్బరు బుడిపెలు ఇస్తారు. మన రెండు చెవులు కూడా ఒకే సైజులో ఉండకపోవచ్చు. పెట్టుకుని తల ఊపండి, పదిసార్లు గుంజీళ్లు తీయండి. జారకూడదు, నొప్పి పుట్టకూడదు. పరుగెత్తేవారికి చెవి మీదుగా కొక్కెం ఉన్నవి మరింత గట్టిగా నిలుస్తాయి.

4. చెమటకు తట్టుకుంటుందా? కనీసం ఐపీఎక్స్ 4 అని ఉండాలి. అంటే నలువైపుల నుండి నీటి తుంపరలు పడినా పాడు కాదు. అయితే చాలా వాటి డబ్బాలకు ఆ రక్షణ ఉండదు. తడి ఇయర్‌ఫోన్లను తుడిచి ఆరిన తరువాతే డబ్బాలో పెట్టండి.

5. బయటి శబ్దం వినిపించే ఏర్పాటు ఉన్నదా? రోడ్డు ప్రక్కన నడిచేవారికి ఇది తప్పనిసరి.

6. పాత సరుకు కొనకండి. 2014, 2016 నాటి మోడళ్లు ఇప్పుడు తయారు కావడం లేదు. వాటి బ్యాటరీ మార్చడం కష్టం. సెకండ్‌హ్యాండ్ వస్తువు చెవిలో పెట్టుకోవడం శుభ్రత కూడా కాదు.

7. ధర గురించి ఆలోచించండి. గోడ గడియారం, రెండు వేళ్లు ఉంటే నాడి చూచుకొనడానికి పైసా ఖర్చు లేదు. ఇంటి ఖర్చులు, మందుల ఖర్చు పోగా మిగిలితేనే ఇటువంటివి కొనండి.

ఇంటిలో చేసుకునే పరీక్ష

యంత్రాన్ని నమ్మే ముందు దానిని పరీక్షించండి. ఐదు నిమిషాలు కదలకుండా కూర్చోండి. ఎడమ అరచేతిని పైకి పెట్టి, బొటనవేలి క్రింద మణికట్టు దగ్గర కుడిచేతి చూపుడు వేలు, మధ్య వేలు ఆనించండి. బొటనవేలితో చూడకండి, దానిలోనూ నాడి కొట్టుకుంటుంది గనుక లెక్క తప్పుతుంది. 30 సెకన్లు లెక్కించి రెండుతో గుణించండి. ఉదాహరణకు 37 వస్తే నాడి 74.

ఫోనులోని అంకె దీనికి నాలుగైదు అటూ ఇటూ ఉంటే ఫరవాలేదు. తరువాత పది నిమిషాలు వేగంగా నడిచి, ఆగిన వెంటనే మరల 15 సెకన్లు లెక్కించి నాలుగుతో గుణించండి. మూడు రోజులు ఇలా చేయండి. ప్రతిసారీ చాలా తేడా వస్తే బుడిపె సైజు మార్చి చూడండి. అప్పటికీ కుదరకపోతే గడువులోగా తిరిగి ఇచ్చివేయండి.

అంకెకు అర్థం ఏమిటి?

విశ్రాంతిగా ఉన్నప్పుడు పెద్దలకు నాడి సాధారణంగా 60 నుండి 100 వరకు ఉంటుంది. బాగా వ్యాయామం చేసేవారికి 60 కంటే తక్కువ ఉండవచ్చు.

వ్యాయామానికి ఒక సులభమైన లెక్క ఉంది. 220లో నుండి వయస్సు తీసివేస్తే గుండె చేరగల అత్యధిక వేగం సుమారుగా తెలుస్తుంది. 50 ఏళ్ల వారికి 170. అందులో 50 నుండి 70 శాతం, అంటే 85 నుండి 119 వరకు మధ్యస్థ వ్యాయామం. 70 నుండి 85 శాతం, అంటే 119 నుండి 145 వరకు కఠిన వ్యాయామం. ఇది అందరికీ కలిపి వేసిన సగటు లెక్క. ఒక్కొక్కరికి 10, 12 అటూ ఇటూ ఉండడం మామూలే. ఇది పరీక్షలో తెచ్చుకోవలసిన మార్కు కాదు.

దీనికంటే సులువైన పరీక్ష మాట పరీక్ష. నడుస్తూ ప్రక్కవారితో మాట్లాడగలిగి, పాట మాత్రం పాడలేకపోతే అది మధ్యస్థ వ్యాయామం. నాలుగు మాటలకే ఊపిరి అందకపోతే అది కఠిన వ్యాయామం. పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాల మధ్యస్థ వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు చెబుతున్నాయి. రోజుకు 30 నిమిషాలు, వారానికి ఐదు రోజులు నడిస్తే సరిపోతుంది.

ఎవరు ప్రత్యేకంగా జాగ్రత్త పడాలి?

ఎటెనొలాల్, మెటోప్రోలాల్, ప్రొప్రనొలాల్ వంటి బీటా బ్లాకర్ మాత్రలు వేసుకునేవారికి 220 లెక్క వర్తించదు. ఎంత నడిచినా వారి నాడి అంతగా పెరగదు. అది మాత్ర పనిచేస్తున్నదనడానికి గుర్తు. అంకె పెరగడం కోసం వేగం పెంచితే గుండెకు మించిన పని అవుతుంది. మాత్రను ఉన్నట్టుండి మానితే అంతకంటే ప్రమాదం. అంతవరకు అదుపులో ఉన్న గుండె ఒక్కసారిగా వేగం అందుకుంటుంది, బీపీ పెరుగుతుంది, గుండె జబ్బు ఉన్నవారికి గుండెపోటు కూడా రావచ్చు. మా మాస్టారికి జరగబోయిన ప్రమాదం ఇదే. ఈ మాత్రను తగ్గించాలన్నా, ఆపాలన్నా వైద్యుడే కొద్దికొద్దిగా తగ్గిస్తారు.

నాడి క్రమం తప్పి కొట్టుకునేవారికి యంత్రం చూపే అంకె సరిగా ఉండదు. పేస్‌మేకర్ ఉన్నవారు ఇయర్‌ఫోన్లను, వాటి డబ్బాను చొక్కా పై జేబులో పెట్టుకోకూడదు. వాటిలో అయస్కాంతాలు ఉంటాయి. పేస్‌మేకర్‌కు కనీసం 15 సెంటీమీటర్ల దూరంలో ఉంచాలి.

వ్యాయామం చేస్తున్నప్పుడు గుండెల్లో బరువు, నొప్పి, ఎడమ చేతికి గాని దవడకు గాని ప్రాకే నొప్పి, ఎన్నడూ లేని ఆయాసం, చల్లని చెమటలు, కళ్లు తిరగడం వంటివి కనిపిస్తే వెంటనే ఆగి కూర్చోండి. అంకె ఎంత ఉన్నదని ఫోను చూడవద్దు. 108కి ఫోను చేయండి.

చెవులను కూడా కాపాడుకుందాము

చెవిలో చీము కారుతున్నవారు, కర్ణభేరికి రంధ్రం ఉన్నవారు, చెవి నొప్పి ఉన్నవారు వీటిని పెట్టుకోకూడదు. చెవిలో చెమట నిలిస్తే దురద, పుండు వస్తాయి. ఇయర్‌ఫోన్ గులిమిని లోపలికి నెడుతుంది. వాడిన ప్రతిసారీ పొడి మెత్తని గుడ్డతో తుడవండి. సెన్సార్ మీద మురికి ఉంటే నాడి కూడా తప్పు చూపిస్తుంది. ఒకరివి మరొకరు పెట్టుకోవద్దు.

శబ్దం విషయంలో పెద్దలకు 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటల వరకు వినవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ప్రతి 3 డెసిబెల్స్ పెరిగే కొద్దీ ఆ సమయం సగమవుతుంది. 90 డెసిబెల్స్ అయితే వారానికి 4 గంటలే. ప్రక్కవారి మాట వినిపించనంత గట్టిగా పెట్టకండి. ఫుట్‌పాత్ లేని రోడ్డు మీద, ఎదురుగా వచ్చే వాహనాలు కనిపించేలా కుడి ప్రక్కన నడవండి. చీకటిలో నడిచేటప్పుడు ఇయర్‌ఫోన్లు తీసివేయండి.

ఆ మాస్టారు ఆ రోజు డాక్టరుగారిని చూచి వెళ్లారు. మాత్ర మానలేదు. ట్రెడ్‌మిల్ పరీక్ష చేయించిన తరువాత ఆయన నాడి ఎంత వరకు వెళ్లవచ్చునో డాక్టరుగారే చీటీ మీద వ్రాసి ఇచ్చారు. ఫోనులోని 130ని తీసివేసి ఆ అంకెను పెట్టుకున్నారు. ఇప్పుడు ఆయనకు ఇయర్‌ఫోన్లు వేగం తగ్గించమని గుర్తు చేయడానికి ఉపయోగపడుతున్నాయి. యంత్రం అదే, వాడే పద్ధతి మారింది.

మిమ్మల్ని మీరు ప్రశ్నించుకోండి

1. యంత్రం లేకుండా నా నాడిని నేను లెక్కించగలనా?
2. నేను వేసుకునే మాత్రలలో గుండె వేగాన్ని తగ్గించేవి ఉన్నాయా? డాక్టరుగారిని అడిగానా?
3. నా వయస్సుకు, నా జబ్బుకు తగిన అంకెను వైద్యుడు చెప్పారా, లేక ఫోను చెప్పిందా?
4. గుండెల్లో నొప్పి వస్తే ఫోను చూస్తానా, వెంటనే ఆగుతానా?

ఈ నాలుగింటికి జవాబు తెలిసిన తరువాతే దుకాణానికి వెళ్లండి.