స్నానాల గదికి ఏ గొట్టం?

కుళాయి తిప్పగానే నీళ్లు వస్తాయి. ఆ నీళ్లను మోసుకువచ్చే గొట్టం దేనితో తయారైందో ఎప్పుడైనా ఆలోచించారా? పాత స్నానాల గదిని బాగు చేయించేటప్పుడు ఇంట్లో పెద్దలు టైల్స్ రంగు గురించి చాలాసేపు మాట్లాడుకుంటారు. గొట్టాల సంగతి మాత్రం దుకాణదారుకు వదిలేస్తారు. టైలు పగిలితే మార్చుకోవచ్చు. గోడలో పూడ్చిన గొట్టం చెడిపోతే గోడనే పగలగొట్టాలి. కాబట్టి ముందుగా ఎంచుకోవలసింది గొట్టాన్నే. అలా ఎంచుకోవాలంటే మన నీళ్ల స్వభావం తెలియాలి.

నీళ్లు ఎలాంటివి?

నెల్లూరు జిల్లా పడమటి మెట్టలోని వరికుంటపాడు, ఉదయగిరి ప్రాంతాన్నే తీసుకుందాం. ఇక్కడ చాలా ఇళ్లకు బోరు నీళ్లే ఆధారం. వాన నీరు మట్టిలోని కార్బన్ డయాక్సైడును కలుపుకొని రాతి పొరల్లోకి ఇంకుతుంది. దారిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలను కరిగించుకుంటుంది. సబ్బుకు నురగ సరిగా రాకపోయినా, కందిపప్పు ఓ పట్టాన ఉడకకపోయినా అది కఠిన జలమని అనుమానించవచ్చు. కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాములు మించకుండా ఉంటే మంచిదనీ, వేరే నీరు దొరకనప్పుడు 600 దాకా ఫరవాలేదనీ భారతీయ ప్రమాణాల సంస్థ చెబుతోంది.

కఠిన జలాన్ని వేడి చేస్తే అందులో కరిగి ఉన్న కాల్షియం బైకార్బనేటు విడిపోయి కాల్షియం కార్బనేటుగా మారుతుంది. ఇది నీటిలో కరగదు. పళ్లకు గార పట్టినట్లు గొట్టం గోడలకు, గీజరు లోపల తెల్లగా పేరుకుంటుంది. గొట్టం లోపలి వ్యాసం సగమైతే నీళ్లు పోయే వైశాల్యం నాలుగో వంతే మిగులుతుంది. పైగా రాపిడి పెరుగుతుంది. "కుళాయిలో ధార తగ్గింది" అని తొట్టిని ఎత్తులో పెట్టించే ముందు గొట్టం పూడుకుందేమో చూడాలి.

ఇనుమా? ప్లాస్టిక్కా?

పాత ఇళ్లలో ఎక్కువగా కనిపించేవి జి.ఐ. గొట్టాలు. ఇవి జింకు పూత పూసిన ఇనుప గొట్టాలు. జింకుకు ఇనుము కంటే చర్యాశీలత ఎక్కువ. అందుకే తాను ముందుగా కరిగిపోతూ ఇనుమును కాపాడుతుంది. లవణాలు ఎక్కువగా ఉన్న నీటిలో పూత త్వరగా అరిగిపోవచ్చు. ఆ తర్వాత తుప్పు మొదలవుతుంది. తుప్పు పట్టిన గరుకు గోడను సున్నపు పొర మరింత సులభంగా పట్టుకుంటుంది. రాగి గొట్టం ఎక్కువ కాలం మన్నుతుంది, కాని ఖరీదెక్కువ. రాగి గొట్టాన్ని జి.ఐ. గొట్టానికి నేరుగా కలిపితే ఆ అతుకు దగ్గర బ్యాటరీలో జరిగినట్లే చర్య జరిగి జింకు త్వరగా తినుకుపోతుంది.

పి.వి.సి. గొట్టం తుప్పు పట్టదు, తేలిక, చవక. లోపల నున్నగా ఉంటుంది. కాని వేడికి మెత్తబడుతుంది. 45 డిగ్రీలు దాటిన నీటికి దాన్ని వాడకూడదు. గీజరు నీళ్లు 60 డిగ్రీల దాకా ఉంటాయి. అందుకే వేడినీళ్లకు సి.పి.వి.సి. గొట్టాలు వేస్తారు. రెండింటికీ తేడా ఒక్క 'సి' అక్షరమేనా? కాదు. పి.వి.సి.లో బరువును బట్టి సుమారు 57 శాతం క్లోరిన్ ఉంటుంది. దానికి మరికొంత క్లోరిన్ చేర్చి 63 నుంచి 69 శాతం దాకా పెంచితే సి.పి.వి.సి. వస్తుంది. అది 80 డిగ్రీల నీటిని కూడా తట్టుకుంటుంది.

అయితే ప్లాస్టిక్కుకు రెండు బలహీనతలున్నాయి. మొదటిది వ్యాకోచం. 10 మీటర్ల సి.పి.వి.సి. గొట్టం 30 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 2 సెంటీమీటర్లు సాగుతుంది. అదే ఇనుప గొట్టమైతే అర సెంటీమీటరు కూడా సాగదు. అందువల్ల పొడవైన గొట్టానికి సాగేందుకు చోటు వదలాలి. రెండోది ఎండ. మిద్దె మీద పరిచిన గొట్టాన్ని అతినీలలోహిత కిరణాలు పెళుసుగా చేస్తాయి. నీటితో కలిపే రంగు పూసి గాని, కప్పి గాని ఉంచాలి.

సీసం నేర్పిన పాఠం

ప్రాచీన రోమనులు సీసపు గొట్టాలు వాడేవారు. ఇంగ్లీషులో 'ప్లంబర్' అనే మాట సీసానికి లాటిన్ పేరైన 'ప్లంబం' నుంచే వచ్చింది. సీసం విషం. పసిపిల్లల మెదడుకు అది మరీ చేటు. అమెరికాలోని ఫ్లింట్ నగరంలో 2014లో ఒక నది నీటిని కొత్తగా వాడడం మొదలుపెట్టారు. గొట్టాల లోపలి పొరను కాపాడే రసాయనాన్ని మాత్రం కలపలేదు. ఆ పొర పోయి సీసం తాగునీటిలోకి చేరింది. గొట్టాలు పాతవే, మారింది నీరు! గొట్టాన్నీ నీటినీ కలిపి ఆలోచించాలనడానికి ఇంతకన్న నిదర్శనం ఏం కావాలి? పి.వి.సి. తయారీలో కూడా సీసపు సమ్మేళనాలు వాడేవారు. మన దేశంలో వాటిని తొలగించడానికి 2021లో నిబంధనలు వచ్చాయి. కొనేటప్పుడు ఐ.ఎస్.ఐ. గుర్తుతో పాటు సీసం లేదన్న ముద్ర ఉందో లేదో చూడమని పెద్దలకు చెప్పండి.

గొట్టం చేయలేని పని

మన దేశంలో ఫ్లోరోసిస్ వ్యాధిని మొదట 1937లో అప్పటి నెల్లూరు జిల్లాలోనే శాస్త్రజ్ఞులు గుర్తించారు. ఈ పడమటి మెట్టలో ఫ్లోరైడు సమస్య చాలాకాలంగా ఉంది. నీటిలో అది లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదు. ఎంత ఖరీదైన గొట్టమైనా ఫ్లోరైడును తీసివేయలేదు. మరగబెట్టినా పోదు. నీరు ఆవిరై తగ్గే కొద్దీ దాని గాఢత ఇంకా పెరుగుతుంది. కాబట్టి స్నానాల గది కుళాయికి బోరు నీళ్లు సరే, తాగడానికి మాత్రం పరీక్షించిన మంచినీళ్లే తెచ్చుకోవాలి.

చేసి చూడండి

నీళ్లు కాచే పాత గిన్నెలో అడుగున తెల్లటి పొర ఉంటే కొంచెం గీకి గాజు గ్లాసులో వేయండి. దానిమీద నిమ్మరసం పిండండి. బుడగలు వస్తే అవి ఏ వాయువువి? ఆ వాయువు ఆ పొరలోకి ఎలా చేరింది? ఒకసారి వెనక్కి వెళ్లి చదవండి, జవాబు దొరుకుతుంది.