మందుకు లొంగని టైఫాయిడ్ – మనం చేయవలసినది

పత్తి వేసే మన గుంటూరు, ప్రకాశం రైతులకు ఈ సంగతి అనుభవమే. సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు మొదట్లో శనగపచ్చ పురుగును బాగా చంపాయి. పదే పదే కొట్టేసరికి తట్టుకొన్న పురుగులు మిగిలి, వాటి సంతతే పెరిగింది. 1987-88లో ఎన్నిసార్లు కొట్టినా పురుగు చావలేదు. పంట పోయి, అప్పులు తీర్చలేక ప్రాణాలు తీసుకున్న రైతులు ఉన్నారు. యాంటీబయోటిక్ మందులకు, రోగక్రిములకు మధ్య కూడా ఇదే జరుగుతోంది.

టైఫాయిడ్ ఎలా వస్తుంది?

సాల్మొనెల్లా టైఫీ అనే క్రిమి వలన వస్తుంది. ఇది రోగి మలం ద్వారా నీటిలో, ఆహారంలో కలిసి మరొకరి కడుపులో చేరుతుంది. జ్వరం తగ్గాక కూడా కొందరి పిత్తాశయంలో ఏళ్ళ తరబడి ఉండవచ్చు. వైద్యం ఆలస్యమైతే ప్రేగుకు రంధ్రం పడి ప్రాణం మీదికి రావచ్చు.

మందులు ఎందుకు పనిచేయడం లేదు?

1948 నుండి క్లోరాంఫెనికాల్ టైఫాయిడ్ రోగులను కాపాడింది. 1972లో కేరళలోని కోళికోడ్‌లో దానికి లొంగని టైఫాయిడ్ వ్యాపించింది. 1990 ప్రాంతానికి ఆంపిసిల్లిన్, కోట్రైమాక్సజోల్ కూడా విఫలమయ్యాయి. తరువాత వచ్చిన సిప్రోఫ్లాక్సాసిన్ నేడు మన దేశంలో చాలామందికి పనిచేయదు. ఇప్పుడు ముఖ్యంగా సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్, అజిత్రోమైసిన్ మాత్రలు మనలను ఆదుకొంటున్నాయి.

2016లో పాకిస్తాన్ సింధు రాష్ట్రంలోని హైదరాబాదులో సెఫ్ట్రియాక్సోన్‌కు కూడా లొంగని టైఫాయిడ్ బయలుదేరింది. మాత్రలలో అజిత్రోమైసిన్ ఒక్కటే మిగిలింది. అక్కడి పిల్లలకు వేసిన టీకా మన హైదరాబాదులో భారత్ బయోటెక్ తయారుచేసినదే.

ఒక మంచి వార్త కూడా ఉంది. వాడకం తగ్గాక పాత క్లోరాంఫెనికాల్‌కు మన దేశంలో టైఫాయిడ్ క్రిములు చాలావరకు మళ్ళీ లొంగుతున్నాయి. అనవసరంగా వాడకపోతే మందుకు బలం మిగులుతుంది.

మనం చేయవలసినవి:

1. జ్వరం రాగానే మందుల షాపులో అడిగి రెండు రోజుల యాంటీబయోటిక్ మాత్రలు మింగవద్దు. జ్వరం మూడు రోజులు దాటితే ఆసుపత్రికి రండి. మందు మొదలుపెట్టక ముందే రక్తం కల్చర్ పరీక్షకు ఇస్తే ఏ మందు పనిచేస్తుందో తెలుస్తుంది. వైడాల్ పరీక్ష ఒక్కదానినే నమ్మలేము.

2. జ్వరం తగ్గినా డాక్టరు చెప్పినన్ని రోజులూ మాత్రలు వాడండి. మిగిలినవి దాచి ఇంకొకరికి ఇవ్వవద్దు.

3. మామూలు నీళ్ళ విరేచనాలకు యాంటీబయోటిక్ అక్కరలేదు. ఓ.ఆర్.ఎస్. త్రాగించండి. పిల్లలకు జింకు కూడా ఇవ్వాలి. విరేచనంలో రక్తం పడినా, బిడ్డ మగతగా ఉన్నా వెంటనే తీసుకురండి.

4. నీరు మరిగించి చల్లార్చి త్రాగండి. మిరపకోతలకు వెళ్ళేవారు ఆ నీటినే వెంట పట్టుకెళ్ళండి. 2018 మార్చిలో గుంటూరు నగరంలో కుళాయి నీటిలో మురుగు కలిసి అతిసారం వ్యాపించి పలువురు మరణించారు. నీరు తేటగా కనబడినంత మాత్రాన మంచిది కాదు.

5. దొడ్డికి వెళ్ళివచ్చాక, వంటకు ముందు సబ్బుతో చేతులు కడగండి. ప్రేమవిందులలో వండేవారు, వడ్డించేవారు ఇది మరువవద్దు. టైఫాయిడ్ నుండి కోలుకుంటున్నవారు డాక్టరు సరేననేవరకు ఆ పనికి దూరంగా ఉండాలి.

6. ఆరు నెలలు నిండిన బిడ్డకు టైఫాయిడ్ టీకా వేయించవచ్చు. పిల్లల డాక్టరును అడగండి.

ఈసారి ఆసుపత్రికి వచ్చేటప్పుడు ఇంట్లో మిగిలిన మాత్రల అట్టలు, పాత చీటీలు తెచ్చి మాకు చూపించండి. ఇంతవరకు ఏమి వాడారో తెలిస్తే సరైన మందు ఇవ్వగలుగుతాము.